డల్లాస్ పెరట్లో ఫిల్టరు బెడ్డు

అమెరికా వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేసింది. ఇంట్లో అందరూ మంచి నిద్రలో ఉన్నారు. వంటింటి తలుపు మెల్లగా తీసుకుని పెరట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా స్విమ్మింగ్ పూల్, ఆ చివర కంచె మూలలో మోటారు తిరుగుతున్న చప్పుడు. కాసేపు విన్నాక ఆ చప్పుడులో తేడా తెలిసింది. మధ్యమధ్య గులకరాళ్ళు దొర్లినట్టు గరగర. పంపు గాలి పీలుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళు మున్సిపాలిటీ ఫిల్టరు హౌసులో పనిచేసిన చెవికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తెల్లారేదాకా నాకిక కుదురు లేదు.

నేను రిటైరైంది గోదావరి కాలువ నీళ్ళు తాగే ఊళ్ళో. వేసవిలో కాలువ కట్టేస్తే చెరువులో నింపుకున్న పాచినీళ్ళు, శ్రావణంలో వరదొస్తే ఎర్రనీళ్ళు. ఏడాది పొడుగునా ఈ రెండింటితోనే మా కుస్తీ. పటిక, ఇసుక, బ్లీచింగ్, ఇవే మా ఆయుధాలు. అలాంటివాణ్ణి మా అబ్బాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోకి పిలిపించుకున్నది గుళ్ళూ గోపురాలూ చూపించడానికే. కానీ ఆ మే నెలలో నేను ఎక్కువగా చూసినవి ఫిల్టర్లు.

వాడు ఆ ఇల్లు కొని అప్పటికి ఆరు నెలలు. కొన్నప్పుడు మా ఆవిడ వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి "పెరట్లో పూల్ ఉందిటే" అంటే, ఆవిడ "ఏం పూలక్కా, మందారాలా?" అందిట. నేను చూసిన రోజు ఆ నీళ్ళ రంగుకి పూల కన్నా ఆకుల పేరే సరిపోయేది. లేత గోంగూర రంగు.

"ఫిల్టరు రోజూ పన్నెండు గంటలు తిరుగుతూనే ఉంది నాన్నా, అయినా పచ్చబడిపోతోంది" అన్నాడు అబ్బాయి, కాఫీ కప్పు పట్టుకుని నా పక్కన నిలబడి.

"తిరిగేది పంపు. ఫిల్టరు పనిచేస్తోందో లేదో అది వేరే సంగతి" అన్నాను.

పూల్‌లో పట్టేవి 20,000 గ్యాలన్లు, అంటే సుమారు 75,000 లీటర్లు. మా ఫిల్టరు హౌసు రోజుకి కోటి లీటర్లు పంపేది. ఆ లెక్కన ఇదంతా మాకు పదకొండు నిమిషాల పని. అయినా చులకన చేయలేకపోయాను. మా నీళ్ళు ఒకసారి వడపోస్తే ఊళ్ళోకి వెళ్ళిపోతాయి. ఇక్కడ అవే నీళ్ళు, అవే మనుషులు, అదే చెమట, అవే ఆకులు. వడపోసిందే మళ్ళీ మళ్ళీ వడపోయాలి.

కంచె మూలకి వెళ్ళి చూశాను. రెండడుగుల వ్యాసం ఉన్న ఫైబర్ డబ్బా, లోపల ఇసుక. తల మీద ఆరు గుర్తులున్న హ్యాండిలు. డబ్బా అడుగున చెమర్చినట్టు తడి, తడి చుట్టూ నాచు. పూల్ అడుగున, శుభ్రమైన నీళ్ళు తిరిగొచ్చే గొట్టాల మూతుల కింద, చీమలు పుట్ట పెట్టినట్టు చిన్న చిన్న ఇసుక గుట్టలు. రోగం అక్కడే తెలిసిపోయింది. ఫిల్టరు అడుగున చక్రం ఆకుల్లా పరిచి, సన్నగాట్లు పెట్టిన గొట్టాలుంటాయి. మా దగ్గరా వాటిని లేటరల్సే అంటాం. అవి విరిగితే ఇసుక నీళ్ళతోపాటు బయటికి నడుస్తుంది. ఆపాల్సిన ఇసుకే పారిపోతుంటే మడ్డిని ఆపేదెవరు?

పక్కింటి పెద్దాయన కంచె మీదుగా కారణం చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు ముంచేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు. పంపులు ఆగిపోయి, గొట్టాల్లో నిలిచిన నీళ్ళు గడ్డకట్టి, ఆ వీధిలో సగం ఇళ్ళ పంపులూ ఫిల్టర్లూ పగిలాయిట. మావాడికి ఇల్లు అమ్మినవాళ్ళు పగుళ్ళకి ఏదో పూత పూసి కాలక్షేపం చేసినట్టున్నారు.

తప్పంతా వాళ్ళ మీద తోసేయలేను. ఆ ఆరు గుర్తుల హ్యాండిలు విప్పితే లోపల చక్రంలాంటి రబ్బరు చిరిగి ఉంది. మోటారు ఆపకుండా హ్యాండిలు తిప్పితే అది చిరుగుతుంది. ఒకసారి చిరిగితే మడ్డినీళ్ళు ఇసుక మొహం చూడకుండానే అడ్డదారిన మళ్ళీ పూల్‌లోకి పోతాయి. "తిప్పేటప్పుడు మోటారు ఆపుతున్నావా?" అని అడిగాను. వాడు కాఫీ కప్పులోకి చూశాడు.

ఇంకొక పని కూడా చేస్తున్నాడు వాడు. నీళ్ళు పచ్చబడ్డాయని రోజూ బ్యాక్‌వాష్ కొడుతున్నాడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళందరూ చేసే పొరపాటే ఇది. ఇసుక ఫిల్టరు కడిగిన వెంటనే బాగా పనిచేయదు. రేణువుల మధ్య కాస్త మడ్డి చేరి సందులు ఇరుకయ్యాకే అది సన్న మడ్డిని పట్టడం మొదలుపెడుతుంది. మా పాతకాలపు నెమ్మది ఇసుక బెడ్ల మీద పాచి పొర కట్టేది. నీటిని శుభ్రం చేసేది ఇసుక కన్నా ఆ పొరే. దాన్ని గీకేసిన రోజున వచ్చే నీళ్ళని ఊళ్ళోకి వదిలేవాళ్ళం కాదు. అలాగని మురికి పట్టిపోయేదాకా వదిలేయమని కాదు. శుభ్రంగా ఉన్నప్పుడు గేజి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోవాలి. దాని మీద 8 నుంచి 10 పౌండ్ల ఒత్తిడి పెరిగితే అప్పుడు కడగాలి. చూసే అద్దంలో నీళ్ళు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు ఎదురు తోడి, ఆ తర్వాత అర నిమిషమో నిమిషమో రిన్స్ గుర్తు మీద పెట్టి, మొదటి మడ్డిని బయటికి పోనివ్వాలి. ఆ రిన్స్ మావాడు ఒక్కసారీ చేయలేదు. గుర్తు ఎందుకుందో తెలియదన్నాడు.

డబ్బాకి ఇక మరమ్మతు లేదు, కొత్తది కొనాలి. ఏది కొనాలన్న దగ్గర ఇంట్లో రెండు వర్గాలు. సరే, నలుగురి పెరళ్ళు చూసి నిర్ణయిద్దామన్నాను. ఆ శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాం. ప్రసాదం తింటూ పూల్ మాటెత్తితే చాలు, పిలుపులే పిలుపులు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు బావి గురించి మాట్లాడుకున్నట్టు పూల్ గురించి మాట్లాడుకుంటారు.

మొదట వెళ్ళింది ఒక డాక్టరు దంపతుల ఇంటికి. ఆ నీళ్ళు చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. ఎనిమిదడుగుల లోతున పడిన నాణెం బొమ్మో బొరుసో చెప్పొచ్చు. వాళ్ళది డీఈ ఫిల్టరు. డీఈ అంటే, లక్షల ఏళ్ళ కిందట నీళ్ళలో బతికిన కంటికి కనబడనంత నాచుజీవుల పెంకులు అడుగున పేరుకుని రాయై, దాన్ని పొడి చేస్తే వచ్చే తెల్లటి పిండి. చేత్తో పట్టుకుంటే అచ్చం మెత్తటి ముగ్గుపిండి. దాన్ని నీళ్ళలో కలిపి పంపు దారిన పోస్తే, లోపలున్న గుడ్డ పలకల మీద పూతలా పరుచుకుంటుంది. వడపోసేది ఆ పూత. ఇసుక 20 నుంచి 40 మైక్రాన్ల దాకా పట్టుకుంటే ఇది 3 నుంచి 5 మైక్రాన్లనీ పట్టేస్తుంది. కాకపోతే కడిగిన ప్రతిసారీ కొత్త పూత వేయాలి. పది చదరపు అడుగుల గుడ్డకి ఒక పౌండు పిండి లెక్క. డాక్టరుగారు మాస్కు కట్టుకుని సంచీ విప్పారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదని ఆయనకి వేరే చెప్పాలా! ఒకసారి లోపల గుడ్డ చిరిగి పూల్ అంతా మజ్జిగ కలిపినట్టయిందని ఆవిడ నవ్వుతూ చెప్పారు. బాగున్న ఫిల్టరే. కానీ ఆదివారం పొద్దున్న మాస్కు కట్టుకుని కొలిచి పోసే ఓపిక కావాలి. మావాడికి ఆదివారం పొద్దున్న లేచే ఓపికే లేదు.

రెండో ఇంట్లో కాట్రిడ్జి ఫిల్టరు. నడుము ఎత్తు డబ్బాలో నాలుగు నిలువు గొట్టాలు, ఒక్కొక్కటీ మడతలు మడతలుగా కుట్టిన పాలియెస్టర్ గుడ్డ. పట్టుచీర కుచ్చిళ్ళలా ఉంటాయి. నాలుగింటి గుడ్డా విప్పి పరిస్తే 420 చదరపు అడుగులు. దీనికి బ్యాక్‌వాష్ లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు బయటికి తీసి, తోటకి నీళ్ళు పెట్టే గొట్టంతో పైనుంచి కిందికి మడతల వెంట కడగడమే. ఆ ఇంటాయన తొందరపడి కారు కడిగే ప్రెషర్ మిషన్‌తో కడిగాడుట. గుడ్డ బొచ్చు లేచిపోయి రెండు గొట్టాలు పనికిరాకుండా పోయాయి. పాడైన గొట్టాన్ని గుర్తుగా షెడ్డులో ఉంచుకున్నాడు. నాకు నచ్చాడాయన.

మూడో ఇంటి గురించి చెప్పడానికేమీ లేదు. నెలకింతని మనిషిని పెట్టుకున్నారు. తమది ఏ ఫిల్టరో వాళ్ళకే తెలియదు. బొబ్బట్లు మాత్రం బాగా చేశారు.

సోమవారం దుకాణానికి వెళ్ళాం. అమ్మే కుర్రవాడు మైక్రాన్లతో మొదలుపెట్టాడు. నేను కాగితం తీసి వైశాల్యంతో మొదలుపెట్టాను. ఈ పూల్ నీళ్ళన్నీ ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకి 2,500 గ్యాలన్లు, తొమ్మిదిన్నర ఘనపు మీటర్లు. మా బెడ్ల మీద నీళ్ళు గంటకి 5 మీటర్ల చొప్పున ఇసుకలోకి దిగేవి. మావాడి పాత రెండడుగుల డబ్బాలో ఇవే నీళ్ళు గంటకి 32 మీటర్ల వేగంతో దూకుతున్నాయి. పరిగెత్తే నీళ్ళని ఇసుక ఎంతని పట్టుకుంటుంది? అదే 420 చదరపు అడుగుల గుడ్డ మీద లెక్కేస్తే గంటకి పావు మీటరు. కలం ఆగిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరు చిన్నదిగా ఉన్నప్పుడు వాడిన నెమ్మది బెడ్ల వేగం ఇంచుమించు అంతే. గుడ్డ వేరు, ఇసుక వేరు, పాచి పొర చేసే పని గుడ్డ చేయదు. అది నాకు తెలుసు. అయినా ఆ అంకె చూశాక మనసు కాట్రిడ్జి వైపు ఒరిగింది. పంపు ఎంత తోడగలదో దానికి మించి ఫిల్టరు ఉండాలి, ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే చేటు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇసుక ఫిల్టరుకి ఒక్కో బ్యాక్‌వాష్‌కి రెండు మూడు వందల గ్యాలన్లు పారబోయాలి. ఆ మడ్డినీళ్ళు వీధి కాలువలోకి వదలకూడదు, మురుగు పైపులోకే పోవాలి. మావాడి పాత ఏర్పాటులో ఆ గొట్టం పచ్చిక మీదికి వదిలేసి ఉంది. అక్కడి వేసవిలో నీళ్ళ బిల్లు చూస్తే మన మున్సిపాలిటీ కుళాయి పన్నుకి దండం పెట్టాలనిపిస్తుంది.

కొనేముందు కోడలు ఒక ప్రశ్న వేసింది. "మావయ్యగారూ, మీరు వెళ్ళిపోయాక ఆ నాలుగు గొట్టాలూ పైకి లాగి కడిగేదెవరండీ?"

దుకాణంలో అంతసేపున్నా ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఫిల్టరు ఎంపికలో మొదట అడగాల్సింది అదే. మైక్రాన్లూ మీటర్లూ ఆ తర్వాత. నేను అబ్బాయి వంక చూశాను. వాడు ధరల కాగితం చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

"సరే, నాకు నేర్పండి" అంది కోడలు. కాట్రిడ్జి ఖాయమైంది. దానికి తోడు వేగం తగ్గించుకోగలిగే పంపు తీసుకున్నాం. పంపు వేగం సగానికి తగ్గిస్తే కరెంటు సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నెమ్మదిగా ఎక్కువసేపు నడపడం ఫిల్టరుకీ మంచిది.

బిగించిన రోజున అబ్బాయి ఉత్సాహంగా స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. డబ్బా విప్పి మూసినప్పుడల్లా లోపల గాలి ఉండిపోతుంది. నీళ్ళు నొక్కితే పెద్దగా నలగవు, గాలి స్ప్రింగులా నలుగుతుంది. డబ్బా నడుముపట్టీ సరిగ్గా బిగియకపోతే ఆ గాలి మూతని ఫిరంగి గుండులా లేపుతుంది. పంపు ఆపి, తల మీది గాలి వాల్వు తెరిచి, పట్టీ బిగించి, ఆ తర్వాత దూరంగా నిలబడి మోటారు వేయాలి. వాల్వు లోంచి బుస్సుమని గాలి పోయి నీళ్ళు ధారగా వచ్చాకే మూయాలి. "ఈ డబ్బా మీదికి వంగి ఎప్పుడూ స్విచ్చి వేయకు" అని ఇద్దరితోనూ ఒట్టు వేయించుకున్నాను. మా ఆవిడ కిటికీ లోంచి "మీ ఉద్యోగం ఇంకా అవలేదా?" అంది.

గేజి 12 దగ్గర నిలిచింది. మార్కరు తీసుకుని డబ్బా మీద తేదీ, పంపు వేగం, 12 అని రాశాను. వేగం కూడా ఎందుకంటే, పంపు నెమ్మదిస్తే ముల్లు పడిపోతుంది. రోజుకో వేగంలో చూసి పోల్చుకుంటే ఆ అంకెలకి అర్థం లేదు. 12 మీద 8 కలిపితే 20, అక్కడ కడగాలి.

నీళ్ళు పచ్చగా ఉన్నాయి కాబట్టి అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. నాచుని చంపేది క్లోరిన్, శవాలని మోసేది ఫిల్టరు. ఎంత క్లోరిన్ పోసినా నాచు చావకపోతే నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించాం. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడే స్టెబిలైజరు 30 నుంచి 50 దాకా ఉండాల్సింది 100 దాటేసింది. పాత యజమానులు ఏళ్ళ తరబడి వేసిన క్లోరిన్ బిళ్ళల్లో ఆ మందు కలిసే ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మిగిలిపోతుంది. మరీ ఎక్కువైతే క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. నీళ్ళలో కరిగినదాన్ని ఏ ఫిల్టరూ పట్టలేదు. కాట్రిడ్జిలో ఉన్న లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇసుక ఫిల్టరైతే బ్యాక్‌వాష్‌తో కొంత పాత నీరు పోయి కొత్త నీరు చేరుతూంటుంది. దీంట్లో ఆ అవకాశమే లేదు. అందుకని సగం నీళ్ళు మురుగు పైపులోకి తోడేశాం. సగమే. ఆ బంకమట్టి నేలలో పూల్ మొత్తం ఖాళీ చేస్తే కింద ఊరిన నీటికి తొట్టె పడవలా లేచే ప్రమాదం ఉంది. మే నెలలో అన్ని మంచినీళ్ళు పారబోస్తుంటే, కాలువ కట్టేసిన రోజుల్లో బిందెలతో నిలబడ్డ మా ఊరి ఆడవాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో మూడుసార్లు కాట్రిడ్జిలు కడగాల్సి వచ్చింది. చచ్చిన నాచు బూడిద రంగులో మడతల నిండా. కోడలికి పాఠం చక్కగా అబ్బింది. నూనె పట్టిన మడతలని ముందు జిడ్డు తీసే మందులో నానబెట్టాలి, సున్నపు పొర ఉంటే ఆ తర్వాతే ఆసిడ్. ముందే ఆసిడ్ తగిలిస్తే జిడ్డు గుడ్డలోనే బిగిసిపోతుంది. ఎండకి పూసుకునే క్రీములది ఒక జిడ్డైతే, మనవడి తల మీద వాళ్ళ నాయనమ్మ పెట్టే కొబ్బరినూనెది ఇంకో జిడ్డు. "తాతయ్యా, స్నానం చేసి దిగమంటావా?" అన్నాడు వాడే. అయిదో రోజుకి పూల్ అడుగున పలకలు లెక్కపెట్టొచ్చు.

బహుమానంగా అబ్బాయి మమ్మల్ని ఆస్టిన్ తీసుకెళ్ళాడు, నాలుగు గంటల దారి. అక్కడ బార్టన్ స్ప్రింగ్స్ అని మూడెకరాల ఈతకొలను ఉంది. ఫిల్టరు లేదు, క్లోరిన్ లేదు. భూమిలోంచి ఊట నిరంతరం ఉబుకుతుంది, ఏడాదంతా 20, 21 డిగ్రీలు. ఎంతో ఆశగా వెళ్తే గేటు మూసి ఉంది. గురువారం శుభ్రం చేసే రోజుట. అబ్బాయి తల పట్టుకున్నాడు. నాకు మాత్రం సంబరమే. మనుషులు పొడుగు బ్రష్షులతో, నీళ్ళ గొట్టాలతో మెట్లూ రాళ్ళూ పాచి లేకుండా తోముతున్నారు. కంచె ఇవతల అరగంట నిలబడి చూశాను. ఫిల్టరు లేని చోటా చీపురు తప్పదు.

మర్నాడు దిగాం. నీళ్ళు మోకాలు తాకగానే ఒళ్ళు జివ్వుమంది. సున్నపురాతి గుహల్లోంచి వస్తాయి కాబట్టి రాయి వడపోసి ఇస్తుందని అబ్బాయి అనుకున్నాడు. కాదు. ఆ రాతిలో పగుళ్ళూ సొరంగాలూ ఉంటాయి, నీళ్ళు వాటి గుండా గొట్టంలోలా వచ్చేస్తాయి. ఇసుకలో ఇంకినట్టు ఇంకవు. అందుకే పైన ఎక్కడో వాన కురిసి మురికి చేరితే ఊటలోనూ తొందరగా కనిపిస్తుంది. అక్కడే బతికే ఒక చిన్న సాలమాండర్‌ని 1997లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. ఆ జీవి కోసమూ అందులో మందులు పోయరు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్టు మీదే కూర్చుంది. "ఇక్కడ గేజి లేదు, హాయిగా ఉంది" అంది.

జూలైలో ఇంటికొచ్చేశాం. వారానికోసారి, శనివారం రాత్రి మనకి పడుకునే వేళకి, కోడలు గేజి ఫొటో పంపిస్తుంది. మొన్నటిది 17. కడగమంటారా అని అడిగింది. ఇంకా వద్దమ్మా అని జవాబిచ్చాను.